ఇరవై ఏడో నంబరు కన్ను

కంటి ఆసుపత్రి, ఫోటోల గది
జూన్ 5

అక్కా,

ఈ ఉత్తరం కూడా రక్తం నమూనాలు మోసే వ్యాను డ్రైవరు చేతికే ఇస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని అతను మళ్ళీ నవ్వాడు. మా అక్కతో ఫోన్లో మాట్లాడితే మూడో నిమిషంలో పోట్లాట మొదలవుతుంది, ఉత్తరంలో అయితే ఆవిడ నా మాటకి అడ్డు రావడానికి ఉండదు అని చెప్పాను. హాస్టల్ రోజుల నుంచీ మనది ఇదే వరస కదా.

అసలు సంగతి. వచ్చే వారం మీ ఆసుపత్రికి కంటి కెమెరా వస్తోంది. షుగర్ ఉన్నవాళ్ళందరికీ కంటి లోపల ఫోటో తీయాలి. మూడేళ్ళ కిందట నువ్వు టీకాల శిక్షణకి ఇక్కడికి వచ్చినప్పుడు నిన్ను కూర్చోబెట్టి పన్నెండు ఫోటోలు తీసి నా చేయి సాధన చేసుకున్నాను, గుర్తుందా? ఆ కెమెరా బీరువా అంత ఉండేది. ఇది కుట్టుమిషన్ అంతే ఉంటుంది. గడ్డం ఆనించి కూర్చుంటే చాలు, కంటిపాపని అదే వెతుక్కుంటుంది, ఫోటో అదే తీసుకుంటుంది. చుక్కల మందు కూడా అక్కర్లేదు. నిమిషంలో ఆ ఫోటో ఇక్కడ నా ముందు ఉంటుంది. మొదట కంప్యూటర్ చూసి పచ్చ, పసుపు, ఎరుపు గుర్తుల్లో ఒకటి పెడుతుంది. పసుపూ ఎరుపూ వచ్చినవి నేను చూస్తాను, నా తర్వాత డాక్టరుగారు చూస్తారు.

నువ్వు మూతి తిప్పుతావని తెలుసు. కానీ ఒక్క మాట విను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది చూపు పోయాక వచ్చినవాళ్ళే. ఇంకొంచెం ముందు రావాల్సింది అని చెప్పడమే మా పని. ఇప్పుడు రోజుకి నాలుగు వందల కళ్ళు నా ముందు నుంచి పోతాయి. ఆ మనుషుల్లో ఒక్కరి మొహమూ నేను చూడలేదు. అయినా ఎవరి చూపుకి ప్రమాదం వస్తోందో వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తుంది. ఎన్నేళ్ళయినా ఇది తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక్కటే జాగ్రత్త. ముందు పేరు, ఫోన్ నంబరు ఎక్కించు. వరస నంబరు వచ్చాకే ఫోటో తీయి. ఒకరి నంబరులో ఇంకొకరి కన్ను పడకూడదు.

నీ మరిది నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. నిన్నేం అడిగాడో మాత్రం చెప్పలేదు.

నీ చెల్లెలు


ఆసుపత్రి ముందు గది
జూన్ 26

చెల్లీ,

మీ కుట్టుమిషన్ వచ్చింది. దాని కోసం నా మందుల గదిలో కిటికీకి నల్ల గుడ్డ కట్టించారు. ఇరవై ఎనిమిదేళ్ళు వెలుతురు కోసం పోరాడి పెట్టించుకున్న కిటికీ అది. సరే, కాలం మారింది.

కెమెరా లోపలి నుంచి ఒక ఆడగొంతు "కదలకండి, ఎదురుగా ఉన్న చుక్కని చూడండి" అంటుంది. మా వాళ్ళు దానికి తిరిగి సమాధానం చెబుతున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు అయితే, చుక్క ఎక్కడుందో సరిగ్గా చెప్పమని దాంతో వాదనకి దిగారు. ఆయన నోరు మూయించేసరికి నాకు చెమటలు పట్టాయి. కూరగాయలమ్మే పెద్దావిడ తన కంటి లోపలి బొమ్మని ట్యాబ్ మీద చూసి, ఇంత ఎర్రటి చందమామ నా తలకాయలో ఉందా అని అరగంట అక్కడే కూర్చుండిపోయింది. దాన్ని అచ్చు తీసి ఇమ్మంటుంది, గోడకి పెట్టుకుంటుందట. మా ఆయా తనకి షుగర్ లేకపోయినా ఫోటో కావాలని మొదటి రోజు నుంచీ అలిగింది.

మూడు రోజుల్లో ముప్పై ఒక్క మంది. వాళ్ళని మీ ఊరు పంపాలంటే నాకు మూడేళ్ళు పట్టేది, అదీ సగం మంది దారిలోనే దిగిపోయేవాళ్ళు. కాబట్టి మీ మిషన్ మంచిదేనని ఒప్పుకుంటున్నాను. ఈ వాక్యాన్ని కత్తిరించి దాచుకో, మళ్ళీ దొరకదు.

ఒక సందేహం. ఎరుపు వస్తే ఆ కబురు ఎవరెవరికి వెళ్తుంది? నాకూ పేషెంటుకేనా, ఇంకెవరికైనానా? రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి కదా.

అక్క


ఫోటోల గది
జూన్ 30

అక్కా,

నీ వాక్యాన్ని కత్తిరించి నా కంప్యూటర్ అంచుకి అంటించాను.

ముప్పై ఒక్కటీ చూశాం. ఇరవై రెండు పచ్చ. ఎనిమిది పసుపు, వాళ్ళు ఆరు నెలల తర్వాత మళ్ళీ ఫోటో తీయించుకుంటే చాలు. ఒకటి ఎరుపు.

ఇరవై ఏడో నంబరు. పేరు దగ్గర మీ బజారు వీధి దర్జీ పేరు ఉంది. రెండు కళ్ళలోనూ ఉండకూడని చోట సన్నటి కొత్త రక్తనాళాలు పుట్టాయి. అవి ఎప్పుడు చిట్లుతాయో చెప్పలేం. ఎడమ కంట్లో చూపుకి నడిమధ్య ఉండే చోటు అప్పుడే ఉబ్బింది. రెండు వారాల్లో లేజర్ చేయాలి, నెల దాటితే చూపు సంగతి మాట ఇవ్వలేను అన్నారు డాక్టరుగారు. ఈ జబ్బులో నొప్పి ఉండదక్కా. కొంచెం మసకేగా అని నెట్టుకొస్తుంటారు, ఒక పొద్దున్న లేచేసరికి ఏమీ ఉండదు. అతన్ని వెంటనే పంపు. కూర్చోబెట్టి చెప్పు, నర్సమ్మ మాట అక్కడ ఎవరూ కాదనరు.

నువ్వడిగినదానికి జవాబు: ఎరుపు కబురు పేషెంటుకీ, నీకూ, మాకూ వెళ్తుంది. అంతే. ఇంకెవరికీ వెళ్ళదు. మనిషి ఇక్కడికి వచ్చేదాకా కంప్యూటర్ రోజూ అతని ఫోనుకి కబురు పెడుతూనే ఉంటుంది. దాన్ని ఆపడం నా చేతుల్లో కూడా లేదు.

చెల్లి


ఆసుపత్రి ముందు గది
జూలై 9

చెల్లీ,

దర్జీకి చెప్పాను. బడి బట్టల పని నెత్తి మీద ఉంది, ఇరవయ్యో తేదీ దాటాక వస్తానన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. నువ్వు ఫోన్ చేసినప్పుడు పెట్టేసినందుకు ఏమీ అనుకోకు, బయట పిల్లల తల్లులు బారులు తీరి ఉన్నారు.

అతనికి కొన్ని అనుమానాలు ఉన్నాయి, నీకు తెలిస్తే రాయి. లేజర్ చేశాక ఎన్నాళ్ళు పని మానాలి? కళ్ళతో చేసే పని కాబట్టి ఇక పనికిరావని ఇంటికి పంపేస్తారేమోనని అతని బెంగ. అతని పై అధికారులకి ఈ సంగతి తెలుస్తుందా? ఎడమ కన్ను పోయినా కుడి కంటితో నెట్టుకురావచ్చా? సెప్టెంబరు దాకా ఆగితే ఏమవుతుంది? అప్పటికి అతని పనికి ఇంకో మనిషి వచ్చే వీలుంది.

ఇక్కడంతా బాగానే ఉంది. వానలు.

అక్క


ఫోటోల గది
జూలై 23

అక్కా,

దర్జీకి పై అధికారులు ఎవరు?

నీ ఉత్తరం చదివిన రోజే ఈ మాట నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఇరవయ్యో తేదీ దాటాక వస్తాడన్నావు కదా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. నిన్న అతనే వచ్చాడు, నీతో చెప్పకుండా వచ్చాడు. పాపం, మనిషి సగమైపోయాడు. మొదట ఆ కబుర్లని డబ్బు కొట్టేసే మోసగాళ్ళవి అనుకున్నాడట. కూతురు చదివి చెప్పాక నీ దగ్గరికి వచ్చాడట. నువ్వు అదేదో పొరపాటు, పట్టించుకోకు అన్నావట. "నర్సమ్మ మాట నమ్ముదామనే అనుకున్నాను. కానీ ఆ కంప్యూటరు నేను పళ్ళు తోముకునేలోపే రోజూ గుర్తు చేస్తోంది. దానికి నా మీద పగేం లేదు కదా" అన్నాడు. భయంతో పది రోజులుగా కత్తెర పట్టుకోలేదట. వచ్చిన బట్టల్లో సగం పక్క కొట్టువాడికి ఇచ్చేశాడు.

కూర్చోబెట్టి ఫోటో తీశాను. రెండు కళ్ళూ పచ్చ. చిన్న మచ్చ కూడా లేదు. పైగా మీ ఆసుపత్రిలో అసలు ఫోటోయే తీయించుకోలేదన్నాడు. పేరు, ఫోన్ నంబరు చెప్పాడట, ఆ చీకటి గది చూసి దడుసుకుని లేచి వెళ్ళిపోయాడట.

మరి ఇరవై ఏడో నంబరులో ఉన్న కన్ను ఎవరిది?

అందరినీ టీకి పంపించి ఆ ఫోటోలు మళ్ళీ తెరిచాను. వేలిముద్రలాగే కంటి లోపలి నాళాల అల్లిక కూడా ఎవరిది వాళ్ళదే. ఈ కుడి కంట్లో పైకి పోయే నాళం ఒకటి తిన్నగా పోదు. ముడి వేసినట్టు ఒక చుట్టు తిరిగి గానీ ముందుకి వెళ్ళదు. ఇలాంటిది వేల కళ్ళు చూసిన నేను ఒక్కసారే చూశాను. ఆ రోజు నవ్వుతూ, నీ మొండితనం నీ కంట్లో కూడా ఉందే అక్కా అన్నాను.

మూడేళ్ళ కిందటి నీ ఫోటోలు తెరిచాను. కంప్యూటర్ ఆ పాత బొమ్మని ఈ కొత్తదాని మీద పరిచింది. గీతకి గీత కలిసిపోయింది. పాతదాంట్లో లేనివి ఆ కొత్త నాళాలూ, ఆ రక్తపు చుక్కలూ మాత్రమే.

నాకు ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి. నాలుగు వారాలుగా నీ కన్ను చూస్తూ, ఆ మనిషిని తొందరపెట్టు అని నీకే రాశాను. నువ్వు చదివి, మడిచి, అబద్ధం రాశావు. నీకు షుగర్ ఉందని మాకెవరికీ తెలియదు.

ఆ ఫోటోలని దర్జీ నంబరు నుంచి తీసి నీ పేరు మీద పెట్టాను. నా ఉద్యోగ ధర్మం అది, తిట్టుకున్నా సరే. మీ పై అధికారికి నేను చెప్పను. ఆ మాట నువ్వే చెప్పాలి. పసిపిల్లలకి సూదులు వేస్తున్న చెయ్యి నీది. ముప్పయ్యో తేదీ గురువారం పొద్దున్న లేజర్‌కి నీ పేరు రాయించాను. వ్యానులో డ్రైవరు పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

రా అక్కా.

చెల్లి


ఆసుపత్రి వెనక క్వార్టరు
జూలై 27

చెల్లీ,

మొదట నిన్ను తిడుతూ రెండు పేజీలు రాశాను. చింపేశాను. అందులో ఒక్క మాట నీకు చెప్పాలి: నా కంట్లోకి నా అనుమతి లేకుండా తొంగిచూశావు అని రాశాను. రాశాక నాకే నవ్వొచ్చింది. చూడమని పంపింది నేనేగా.

షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. ఎవరికీ తెలియకుండా మాత్రలు వేసుకుంటున్నాను. కెమెరా పెట్టిన మూడో రోజు దర్జీ లేచి వెళ్ళిపోయాక నంబరు తెరిచి ఉంది, గది చీకటిగా ఉంది, ఆయా టీకి వెళ్ళింది. గడ్డం ఆనించాను. నాకు నిజం తెలియాలి, అది నాదని మాత్రం ఎవరికీ తెలియకూడదు. నర్సు బుర్రలో పుట్టే తెలివితేటలు ఇలాగే ఉంటాయి. కబురు ఒకసారి వెళ్ళినా పొరపాటని సర్దిచెప్పొచ్చు అనుకున్నాను, అతని ఫోనుకి రోజూ వెళ్తుందని నాకు తట్టనే లేదు. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది, అప్పటికి నోరు విప్పే ధైర్యం పోయింది.

భయం దేనికంటే, ఏటా మాకు చూపు పరీక్ష ఉంటుంది. తప్పితే ఇంటికే. ఇంట్లో నాకు ఎవరున్నారు? మీ బావ పోయాక ఈ గదిలోనే బతికాను. ఇక్కడ నేను నర్సుని. ఇది పోతే నేను ఏమిటో నాకు తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మూడు నెలలుగా సిరంజి మీద గీతలు నాకు సరిగ్గా కనిపించడం లేదు. ఆయా చేత చదివించుకుని మందు ఎక్కిస్తున్నాను. ఇంతవరకూ ఏ బిడ్డకీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి తప్పు కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ ఉత్తరంలో పసిపిల్లల సూదుల గురించి రాసిన ఆ ఒక్క వాక్యం చదివాక ఇక సూది పట్టుకోలేదు.

అయినా కొత్త నర్సు వచ్చే సెప్టెంబరు దాకా ఆగుదామనే అనుకున్నాను. నిన్న దర్జీ వచ్చాడు. తన కళ్ళు బాగున్నాయని చెప్పడానికి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా, ఆ కన్ను ఎవరిదో దొరికారా?" అన్నాడు.

లేదన్నాను.

"వెతకండమ్మా. ఏమీ లేనివాణ్ణి, నేను పది రోజులు చచ్చేంత భయపడ్డాను. అసలు మనిషి భయం లేకుండా తిరుగుతున్నాడు. పాపం, వాళ్ళకి ఎవరు చెప్తారు?"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎంతోమందికి చావు కబుర్లు కూడా నిలబడే చెప్పాను. అతని ముందు మాత్రం కూలబడిపోయాను. ఆ కన్ను నాదేనని చెప్పాను. అతను గుమ్మం నుంచి వెనక్కి వచ్చాడు. తర్వాత, నా నంబరు మీద ఇంకెవరి కన్నూ పెట్టకండమ్మా, నా గుండె తట్టుకోలేదు అన్నాడు. వెళ్ళి ఆయాని పిలుచుకొచ్చాడు.

పై అధికారికి ఈ పొద్దునే ఫోన్ చేసి అంతా చెప్పాను. కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను, సిరంజి సంగతితో సహా. ఆయన ఏం చేస్తాడో చూద్దాం. గురువారం వస్తున్నాను. నువ్వు గేటు దగ్గర నిలబడి ఏడవకు, అక్కడ నీకు మర్యాద ఉంది.

అక్క


ఫోటోల గది
సెప్టెంబరు 2

అక్కా,

మూడోసారి లేజర్ అయ్యాక ఐదు రోజులు మా ఇంట్లో ఉన్నావు. ఎదురెదురుగా కూర్చుని ఈ మాట చెప్పలేకపోయాను, అందుకే ఉత్తరం. నీ కుడి కన్ను నిలబడింది. కొత్త నాళాలన్నీ ఎండిపోయాయి. నిన్న తీసిన ఫోటో పక్కన జూన్‌లోది పెట్టి డాక్టరుగారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఎడమ కంట్లో మధ్య చూపు మాత్రం ఇక రాదు. పక్కల నుంచి కనిపిస్తుంది, మధ్యలో ఉండదు. జూన్ చివర్లోనే వచ్చి ఉంటే బహుశా దక్కేదన్నారు.

ఆ ఐదు వారాలూ నీ ఒక్కదాని ఖాతాలోనే వేసుకోకు. మొదటిసారి ఆ ఫోటో తెరిచినప్పుడే ఆ ముడి నా కంటపడింది. ఎక్కడో చూశానే అనిపించింది. వెనక ఇంకా మూడు వందల కళ్ళు ఉన్నాయి, ముందుకి వెళ్ళిపోయాను. ఎరుపుని కంప్యూటర్ పట్టుకుంది. నిన్ను పట్టుకోవాల్సింది నేను. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఉంటే అని ఇప్పటికీ కుమిలిపోతున్నాను. నన్ను క్షమించు.

చెల్లి


ఆసుపత్రి, నల్ల గుడ్డ కిటికీ గది
అక్టోబరు 14

చెల్లీ,

క్షమించడానికి నువ్వేం చేశావని. నేను దాక్కుంటే నువ్వు వెతికి పట్టుకున్నావు, కొంచెం ఆలస్యంగా పట్టుకున్నావు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో అయితే అసలు పట్టుకునేదానివే కాదు.

మధ్య చూపు పోయిన సంగతి నువ్వు రాయకముందే తెలుసు. తెలిసి కూడా నీ దగ్గర నవ్వుతూ తిరిగాను. ఇద్దరం ఒకటే జాతి.

పై అధికారి చాలా కేకలు వేశాడు. వేయాల్సిందే. తర్వాత కొత్త నర్సుని నెల ముందే పంపాడు. సూదులన్నీ ఆ పిల్లవే. నన్ను ఇంటికి పంపలేదు, ఈ కెమెరా ముందు కూర్చోబెట్టాడు. నీ కన్నా దీని గురించి ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారమ్మా అన్నాడు. అది పొగడ్తో దెప్పిపొడుపో ఇంకా తేల్చుకోలేదు.

నెలకి రెండు వందల మంది వస్తున్నారు. ఈ పెట్టెని నేను కుట్టుమిషన్ అన్నాను కదా, వెనక్కి తీసుకుంటున్నాను. దీన్ని రోజూ నా చీర కొంగుతోనే తుడుస్తున్నాను. ఆయాకి కూడా ఫోటో తీశాను. పచ్చ. బజారంతా చెప్పుకుని తిరిగింది.

ఇవాళ పొద్దున్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, షుగర్ బాగా ఉంది. లోపలికి వచ్చి తలుపు తనే వేశాడు. ఫోటో తీయించుకుంటాడట గానీ, తన పేరు మీద వద్దట, బావమరిది పేరు మీద తీయాలట. ఎరుపు వస్తే లైసెన్సు పోతుంది, పిల్లలు చిన్నవాళ్ళు అన్నాడు. తప్పని చెప్పడానికి నేనెవరిని?

కుర్చీ లాగి అతని ఎదురుగా కూర్చున్నాను. కుడి కన్ను చేత్తో మూసుకున్నాను.

"ఇప్పుడు నీ చెవులు కనిపిస్తున్నాయి. చొక్కా కనిపిస్తోంది. నీ మొహం లేదు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు.

"నేను కూడా వేరే వాళ్ళ పేరు మీద తీయించుకున్నాను" అన్నాను.

బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు తట్టారు, తీయలేదు. తర్వాత అతను తన పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఫోన్ నంబరు చెప్పాడు, అది కలవకపోతే పనికొస్తుందని భార్య నంబరు కూడా చెప్పాడు. అన్నీ ఎక్కించాక గడ్డం ఆనించాడు. చుక్కని చూడమని లోపలి గొంతు చెప్పేలోపే కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు.

ఫోటో పదకొండున్నరకి పంపాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నువ్వు దాన్ని చూసేసి ఉంటావు. ఏ రంగు వచ్చినా అతనికి ముందు నేనే ఫోన్ చేస్తానని మాట ఇచ్చాను. గేటు దగ్గర లారీ పక్కకి పెట్టుకుని ఇంకా అక్కడే కూర్చున్నాడు.

అక్క